వెబ్ పేజీ రూపకల్పన: రాజపాళయం తెలుగువారికి హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్

వెబ్ పేజీకి పునాది హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్ అనే రెండు భాషలు. పేజీలో ఏది శీర్షిక, ఏది పేరా, ఏది పట్టిక, ఏది లింకు అన్నది హెచ్‌టీఎంఎల్ చెబుతుంది. వాటి రంగు, పరిమాణం, ఎడం, అమరిక ఎలా ఉండాలో సీఎస్‌ఎస్ చెబుతుంది. ప్రోగ్రామింగ్‌లో వచ్చే షరతులు, లూపులు ఏవీ తెలియకపోయినా మొదటి రోజే ఏదో ఒక పేజీ తెరమీద కనిపిస్తుంది కాబట్టి, కంప్యూటర్ విద్యకు ఇది మంచి తొలిమెట్టు. దక్షిణ తమిళనాడులోని రాజపాళయంలో ఈ విద్యకు మరో ప్రయోజనం ఉంది. ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో తమిళం చదివి, కంప్యూటర్ ముందు ఇంగ్లీషు వాడే విద్యార్థి తన మూడు భాషలనూ ఒకే పేజీలో, ఏ భాషకు ఆ భాష గుర్తింపుతో పెట్టుకోవడం ఈ రెంటి ద్వారానే నేర్చుకోగలడు. ఇంగ్లీషు పాఠ్యపుస్తకాల్లో ఈ సంగతికి దొరికే చోటు చాలా తక్కువ గనుక, ఈ వ్యాసం దానిమీద ఎక్కువసేపు నిలుస్తుంది.

ఊరు, బడి, పాఠం

విరుదునగర్ జిల్లాలో పశ్చిమ కనుమల పాదాన ఉన్న పట్టణం రాజపాళయం. 2011 జనాభా లెక్కల ప్రకారం పట్టణ జనాభా సుమారు 1,30,000. విజయనగర, నాయక రాజుల కాలంలో ఆంధ్ర ప్రాంతం నుంచి దక్షిణానికి వచ్చిన రాజు కులస్థుల వారసులు ఇక్కడ స్థిరపడ్డారు. తరాలు మారినా ఇళ్లలో తెలుగు నిలిచింది. 1949 నుంచి 1952 వరకు మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రిగా ఉన్న పి.ఎస్. కుమారస్వామి రాజా ఈ ఊరివారే. పి.ఎ.సి. రామస్వామి రాజా 1936లో నెలకొల్పిన రాజపాళయం మిల్స్‌తో మొదలైన రామ్‌కో సంస్థలు నూలు నుంచి సిమెంటుకు, తరువాతి తరంలో సాఫ్ట్‌వేర్‌కు విస్తరించాయి. చుట్టుపక్కల ఛత్రపట్టి వంటి ఊళ్లు ఆసుపత్రులకు కావలసిన కట్టుబట్ట నేతకు పేరుపొందాయి.

సాంకేతిక విద్యకు ఊరు కొత్త కాదు. పి.ఎ.సి. రామస్వామి రాజా పేరుతో పాలిటెక్నిక్ 1963లో వచ్చింది. రామ్‌కో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ అనే ఇంజనీరింగ్ కళాశాల 2013లో మొదలైంది. శ్రీవిల్లిపుత్తూరు దారిలో, కృష్ణన్‌కోవిల్ వద్ద కలసలింగం విశ్వవిద్యాలయం ఉంది. అయితే హెచ్‌టీఎంఎల్ కోసం కళాశాల దాకా ఆగనక్కరలేదు. తమిళనాడు రాష్ట్ర పాఠ్యప్రణాళికలో 11వ తరగతి కంప్యూటర్ అప్లికేషన్స్ పుస్తకం హెచ్‌టీఎంఎల్ నిర్మాణ ట్యాగులు, అక్షరాల అలంకరణ, పట్టికలు, జాబితాలు, లింకులు, ఫారాలు, సీఎస్‌ఎస్, చివరకు జావాస్క్రిప్ట్ పరిచయం అన్నీ నేర్పుతుంది. 12వ తరగతిలో పీహెచ్‌పీ కూడా వస్తుంది. కామర్స్ గ్రూపు విద్యార్థి సైతం పదహారేళ్లకే ఈ విద్యను తాకుతాడు. పుస్తకం తమిళంలోనూ ఇంగ్లీషులోనూ దొరుకుతుంది. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తమిళాన్ని పాఠశాలల్లో దశలవారీగా పదో తరగతి వరకు తప్పనిసరి చేసింది. అందువల్ల తెలుగు ఇంటి పిల్లలు చాలామందికి చేతికి అలవాటైన లిపి తమిళమే. మాట తెలుగు, రాత తమిళం అనే ఈ పరిస్థితి వెబ్ పేజీలో ఏమవుతుందో కాసేపట్లో చూద్దాం.

ఈ రెండు భాషల పుట్టుక

జెనీవా దగ్గర ఉన్న సెర్న్ పరిశోధనాలయంలో టిమ్ బెర్నర్స్-లీ 1989 మార్చిలో ఒక ప్రతిపాదన రాశారు. వేరువేరు కంప్యూటర్లలో చెదిరిపోయిన పరిశోధన పత్రాలను లింకులతో కలపాలన్నది అందులోని ఆలోచన. 1990లో నెక్స్ట్ కంప్యూటర్ మీద మొదటి బ్రౌజరునూ మొదటి సర్వరునూ ఆయనే రాశారు. 1991 ఆగస్టు 6న ఈ ప్రాజెక్టు సంగతి బయటి ప్రపంచానికి తెలిపారు. అదే ఏడాది చివర వెలువడిన ట్యాగుల వివరణ పత్రంలో ఉన్నవి 18 మాత్రమే. శీర్షిక, పేరా, జాబితా, లింకు అప్పుడే ఉన్నాయి. బొమ్మ పెట్టే ట్యాగు లేదు. అది 1993లో మొజాయిక్ బ్రౌజరుతో వచ్చింది. ఆ సంవత్సరమే ఏప్రిల్ 30న సెర్న్ ఈ సాంకేతికతను ఎవరికీ రుసుము చెల్లించనక్కరలేకుండా ప్రజలందరికీ వదిలేసింది. రాజపాళయం విద్యార్థి ఈ రోజు ఎవరి అనుమతీ అడగకుండా పేజీ రాయగలుగుతున్నాడంటే ఆ నిర్ణయమే కారణం. వెబ్ చరిత్రలో దానికంటే గొప్ప మేలు నాకు కనబడదు.

తొలినాళ్లలో పేజీ ఎలా కనిపించాలన్నది బ్రౌజరు ఇష్టం. రాసేవారికి రంగులూ అక్షరరూపాలూ కావాలనిపించి, ఫాంట్, సెంటర్ వంటి ట్యాగులు హెచ్‌టీఎంఎల్‌లోకే చొరబడ్డాయి. ప్రతి పేరాకూ రంగు విడిగా రాయాలి, మార్చాలంటే ప్రతిచోటా మార్చాలి. నార్వేకు చెందిన హోకొన్ వియుమ్ లీ 1994 అక్టోబరులో వేరే దారి చూపారు: అలంకరణ నియమాలన్నీ విడిగా ఒకచోట ఉండాలి. బెర్ట్ బోస్ ఆయనతో కలిశారు. 1996 డిసెంబరు 17న సీఎస్‌ఎస్ మొదటి ప్రమాణం వెలువడింది. 1998లో రెండోది వచ్చింది. హెచ్‌టీఎంఎల్ వైపు 1995లో 2.0, 1999 చివర 4.01, 2014 అక్టోబరులో హెచ్‌టీఎంఎల్5 వచ్చాయి. 2019 నుంచి డబ్ల్యూ3సీ, వాట్‌డబ్ల్యూజీ అనే రెండు సంస్థలూ ఒకే ప్రమాణాన్ని అంగీకరించాయి. దానికి ఇప్పుడు సంచిక సంఖ్యలు లేవు, నిరంతరం సవరణ జరుగుతూ ఉంటుంది.

ఈ చరిత్ర పరీక్ష కోసం కాదు. చాలా పాఠ్యపుస్తకాల్లో ఫాంట్, సెంటర్, మార్కీ ట్యాగులు నేటికీ కనిపిస్తాయి. బ్రౌజర్లు పాత పేజీల కోసం వాటిని ఇంకా చూపిస్తున్నాయి కాబట్టి పనిచేస్తున్నట్టే ఉంటాయి. ప్రమాణం మాత్రం వాటిని ఎప్పుడో వదిలేసింది. పరీక్షలో అడిగితే రాయాలి, సొంత పేజీలో వాడకూడదు.

హెచ్‌టీఎంఎల్: ఏది ఏమిటో చెప్పడం

హెచ్‌టీఎంఎల్ పేజీ మామూలు అక్షరాల ఫైలు. నోట్‌ప్యాడ్‌లో రాయవచ్చు; వీఎస్ కోడ్ వంటి ఎడిటరు ఉంటే ట్యాగులు రంగుల్లో కనబడతాయి, అంతే తేడా. కోణపు బ్రాకెట్ల మధ్య ఉండే పేరు ట్యాగు. తెరిచే ట్యాగు, ముగించే ట్యాగు, వాటి మధ్య ఉన్న విషయం కలిస్తే ఒక ఎలిమెంట్. ట్యాగు లోపల అదనపు సమాచారం ఇచ్చేది ఆట్రిబ్యూట్: లింకు ఎక్కడికి వెళ్లాలో హెచ్‌రెఫ్ చెబుతుంది, బొమ్మ కనబడకపోతే ఏమి చదవాలో ఆల్ట్ చెబుతుంది.

పేజీకి రెండు భాగాలు. హెడ్‌లో బ్రౌజరుకు కావలసిన సమాచారం ఉంటుంది; బాడీలో చదువరికి కనిపించేది ఉంటుంది. శీర్షికలకు హెచ్1 నుంచి హెచ్6 దాకా ఆరు మెట్లున్నాయి. ఇక్కడే అందరూ ఒక పొరపాటు చేస్తారు: అక్షరాలు పెద్దగా కావాలని హెచ్1, చిన్నగా కావాలని హెచ్4 ఎంచుకుంటారు. అక్షరం పరిమాణం సీఎస్‌ఎస్ పని. శీర్షిక మెట్టు విషయంలోని అంతరాన్ని చెప్పాలి. చూపులేని చదువరి స్క్రీన్ రీడరు సాయంతో శీర్షిక నుంచి శీర్షికకు దూకుతూ పేజీ చదువుతాడు. మెట్లు తప్పితే ఆయన దారి తప్పుతాడు. హెడర్, నావ్, మెయిన్, ఆర్టికల్, ఫుటర్ వంటి ఎలిమెంట్లు హెచ్‌టీఎంఎల్5తో వచ్చింది కూడా ఇందుకే; అన్నింటినీ ఏ అర్థమూ చెప్పని డివ్ పెట్టెలతో కట్టిన పేజీ కంటికి అలాగే ఉన్నా, దాని అర్థం యంత్రానికి అందదు.

హెచ్‌టీఎంఎల్ తప్పులను ఎత్తిచూపదు. ముగింపు ట్యాగు మరిచినా, ఒకదానిలో ఒకటి అడ్డదిడ్డంగా పెట్టినా బ్రౌజరు తనకు తోచినట్టు సర్దుకుని పేజీ చూపించేస్తుంది. నేర్చుకునేవారికి ఈ ఉదారత ప్రమాదకరం. డబ్ల్యూ3సీ ఉచితంగా ఇచ్చే వ్యాలిడేటర్‌లో పేజీని పరీక్షించడం మొదటి వారం నుంచే అలవాటు కావాలి. దానికి తోడు, నచ్చిన పేజీ సోర్సు తెరిచి చదవడం. పేజీ ఎలా కట్టారో చదువరికి కనిపించేలా వెబ్ మొదటి నుంచీ తెరిచే ఉంది. ఒక తరం రూపకర్తలు బడి కంటే ఈ దారిలోనే ఎక్కువ నేర్చుకున్నారు.

అభ్యాసానికి విషయం ఏది? పుస్తకాల్లో ఉండే కల్పిత కంపెనీ పేజీలు ఎవరికీ పట్టవు. రాజపాళయంలో విషయానికి కొదవలేదు. పొడవాటి కాళ్లు, తెల్లటి ఒళ్లు, గులాబి రంగు ముక్కు ఉన్న రాజపాళయం వేటకుక్క మీద ఒక పేజీ రాయవచ్చు. 2005 జనవరి 9న భారత తపాలా శాఖ నాలుగు దేశీయ శునక జాతుల మీద బిళ్లలు విడుదల చేసింది. ముధోల్, రాంపూర్, హిమాలయ జాతులతోపాటు మన ఊరి జాతి కూడా అందులో ఉంది. నాలుగింటినీ పోలుస్తూ పట్టిక చేస్తే టేబుల్ ఎలిమెంట్ వచ్చేస్తుంది. సంజీవి కొండ, అయ్యనార్ కోవిల్ జలపాతాలకు దారి చెబితే క్రమసంఖ్యల జాబితా వస్తుంది. కట్టుబట్ట నేసే చిన్న సంస్థకు వెడల్పు, పొడవు, ధరలతో పట్టికా, ఆర్డరు ఫారమూ చేసి ఇస్తే అది మొదటి సంపాదన కూడా కావచ్చు. ఇంటి పెద్దలను అడిగి ఇంటిపేర్లు, గోత్రాలు రాస్తే జాబితాలో జాబితా పెట్టడం పట్టుబడుతుంది. అయితే బతికున్నవారి పుట్టినరోజులు, ఫోన్ నంబర్లు పేజీలోకి ఎక్కించకూడదు.

సీఎస్‌ఎస్: ఎలా కనిపించాలో చెప్పడం

సీఎస్‌ఎస్ నియమంలో ముందు సెలెక్టర్, తర్వాత మీసాల బ్రాకెట్లలో ప్రాపర్టీలు, వాటి విలువలు ఉంటాయి. ఏ ఎలిమెంట్లకు వర్తించాలో సెలెక్టర్ చెబుతుంది. ఒకే పేరాకు రెండు నియమాలు వర్తించి, ఒకటి ఎరుపు అని, మరొకటి నీలం అని చెబితే? ఒక్క ఎలిమెంటుకే ఇచ్చే పేరైన ఐడీతో రాసిన నియమం, ఎన్నింటికైనా ఇవ్వగల పేరైన క్లాసుతో రాసినదాన్ని, క్లాసుతో రాసినది ట్యాగు పేరుతో రాసినదాన్ని ఓడిస్తుంది. బలం సమానమైతే తర్వాత రాసినది నెగ్గుతుంది. ఈ రెండు వాక్యాలు ఒంటబట్టకపోతే సీఎస్‌ఎస్ పిచ్చెక్కిస్తుంది. ఒంటబడితే మిగిలినదంతా సాధనే.

రెండో కీలకం బాక్స్ మోడల్. తెరమీద ప్రతి ఎలిమెంటూ ఒక పెట్టె. మధ్యలో విషయం, చుట్టూ ప్యాడింగ్, దాని బయట బోర్డర్, ఆపైన మార్జిన్. వెడల్పు 300 పిక్సెళ్లు అని రాసి, రెండు వైపులా 20 చొప్పున ప్యాడింగ్, 1 చొప్పున బోర్డర్ ఇస్తే పెట్టె తెరమీద 342 పిక్సెళ్లు ఆక్రమిస్తుంది. కొత్తవారి పేజీల్లో రెండు పెట్టెలు పక్కపక్కన పట్టక ఒకటి కిందికి జారడానికి తరచూ ఇదే కారణం. బాక్స్-సైజింగ్‌కు బోర్డర్-బాక్స్ అనే విలువ ఇస్తే లెక్కంతా 300లోనే సరిపెట్టుకుంటుంది.

అమరికకు ఒకప్పుడు పట్టికలను, తర్వాత ఫ్లోట్‌ను వాడేవారు. ఇప్పుడు ఒక వరసలో సర్దడానికి ఫ్లెక్స్‌బాక్స్, అడ్డం నిలువు రెండు దిశల్లోనూ సర్దడానికి గ్రిడ్ ఉన్నాయి. గ్రిడ్ 2017లో ప్రధాన బ్రౌజర్లన్నింటిలోకీ వచ్చింది. ఈ రోజు నేర్చుకునేవారు ఫ్లోట్ అమరికల మీద సమయం పెట్టనక్కరలేదు. ఈథన్ మార్కాట్ 2010 మేలో రాసిన వ్యాసంతో, తెర వెడల్పును బట్టి అమరిక మార్చుకునే రెస్పాన్సివ్ పద్ధతి స్థిరపడింది. దానికి ముందుగా హెడ్‌లో వ్యూపోర్ట్ మెటా ట్యాగు రాయాలి. అది లేకపోతే ఫోను బ్రౌజరు పేజీని 980 పిక్సెళ్ల వెడల్పు తెర కోసం రాసినట్టు భావించి, అక్షరాలను చీమల బారులా కుదించి చూపిస్తుంది.

సీఎస్‌ఎస్ శక్తి ఎంతో చూడాలనుకునేవారికి 2003లో డేవ్ షే మొదలుపెట్టిన సీఎస్‌ఎస్ జెన్ గార్డెన్ ఇప్పటికీ ఉత్తమ పాఠం. హెచ్‌టీఎంఎల్ ఫైలు ఒక్కటే. సీఎస్‌ఎస్ మారితే అది ఒకసారి పత్రికలా, ఒకసారి గోడపత్రికలా కనిపిస్తుంది. తరగతి గదిలోనూ ఇదే చేయవచ్చు. ఒక పేజీ హెచ్‌టీఎంఎల్ ముట్టుకోకుండా, ప్రతి విద్యార్థీ తన సీఎస్‌ఎస్ రాయాలి.

తెలుగు పేజీ, తమిళ లిపిలో తెలుగు పేజీ

1990ల్లో తెలుగు వెబ్‌సైట్లు ఒక్కో పత్రికకు ఒక్కో ఫాంటుతో నడిచేవి. లాటిన్ అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు పెట్టిన ఫాంట్లవి. ఫాంటు లేనివారికి పేజీ నిండా అర్థంలేని లాటిన్ అక్షరాలు కనిపించేవి. వెతకడం, కాపీ చేయడం అసాధ్యం. ఆ పాఠాన్ని, ప్రతి లిపి అక్షరానికీ విడి సంకేతమిచ్చే యూనికోడ్‌లోకి మార్చి చూపే పద్మ అనే ఫైర్‌ఫాక్స్ పొడిగింపును నాగార్జున వెన్న తయారుచేశారు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాను మొదలుపెట్టిందీ ఆయనే. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నాటి మొదటి సంచిక నుంచే చోటుంది. కంప్యూటర్లలో అది సరిగా కనిపించడానికి విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చేదాకా పట్టింది. తమిళానికీ అలాంటి చిక్కులే ఉండేవి. 1999లో చెన్నైలో జరిగిన తమిళ ఇంటర్నెట్ సదస్సు అక్షర సంకేతాలను ఒక దారికి తెచ్చే ప్రయత్నం చేసింది.

ఇప్పుడు పద్ధతి ఒక్కటే: యూనికోడ్ సంకేతాలను ఫైలులో భద్రపరిచే యూటీఎఫ్-8. హెడ్‌లో మొట్టమొదటి వరుసగా క్యారెక్టర్ సెట్ మెటా ట్యాగు రాయాలి. ఫైలులోని మొదటి 1,024 బైట్లలోపే అది ఉండాలని నియమం. రాయకపోతే బ్రౌజరు ఊహించుకుంటుంది. ఆ ఊహ తప్పితే తెలుగు అక్షరాల బదులు నెత్తిన గీతున్న లాటిన్ ఏ, దాని పక్కన ఉష్ణోగ్రతకు వాడే డిగ్రీ సున్న, ఈ జంట పేజీ పొడవునా వస్తుంది. తమిళమైతే డిగ్రీ గుర్తు బదులు రిజిస్టర్డ్ ట్రేడ్‌మార్క్ గుర్తు వస్తుంది. చెడిన పేజీని చూసి అది మొదట ఏ భాషలో ఉండేదో ఈ గుర్తులతోనే చెప్పేయవచ్చు. పాత విండోస్ నోట్‌ప్యాడ్‌లో ఆన్సీగా భద్రపరిస్తే ఇంకా అన్యాయం: అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలైపోతాయి, తిరిగి రావు.

యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ఒక్కొక్కటి 3 బైట్లు. స్త్రీ అనే అక్షరం కంటికి ఒకటే గానీ, లోపల సకారం, పొల్లు, తకారం, పొల్లు, రకారం, గుడిదీర్ఘం కలిపి 6 సంకేతాలు, 18 బైట్లు. ఇలాంటి ఒక్క అక్షరంలో పైన గుడిదీర్ఘం, కింద రెండు వత్తులు ఉంటాయి. నిలువుగా ఇంత చోటు తీసుకునే లిపికి ఇంగ్లీషు కోసం పెట్టిన పంక్తుల ఎడం చాలదు. పై పంక్తి వత్తులు కింది పంక్తి గుడులకు తగులుతాయి. లైన్-హైట్ 1.6కు తగ్గకుండా, కొన్ని ఫాంట్లకు 1.8 దాకా ఉంచాలి. ఆ విలువను పిక్సెళ్లలో కాక వట్టి అంకెగా రాయాలి, అప్పుడే అక్షరం పెరిగినప్పుడు ఎడమూ పెరుగుతుంది. బటన్లకు, మెనూలకు స్థిరమైన ఎత్తు పెట్టి, పొంగినది దాచేయమని రాస్తే వత్తులు తెగిపోతాయి. బ్యాంకుల, రైళ్ల సైట్లలో సగం నరికిన తెలుగు బటన్లు ఎన్ని చూడలేదు! ఇంగ్లీషు పేజీకి పెట్టిన కొలతలను తెలుగుకు అలాగే ఉంచేయడమే అందుకు కారణం.

తమిళంలో సంయుక్తాక్షరాలను పుళ్లి పెట్టి పక్కపక్కనే రాస్తారు, కిందికి దిగే వత్తులు లేవు. అందుకే తమిళ పేజీకి సరిపోయిన లైన్-హైట్ తెలుగు పేజీకి సరిపోదు. రాజపాళయం విద్యార్థికి ఈ తేడా కళ్లెదుటే తెలుస్తుంది. ఒకే పేజీలో రెండు భాషలూ పెట్టి చూసుకోగల అవకాశం హైదరాబాదు విద్యార్థి కంటే ఇతనికే ఎక్కువ.

ఇంకొన్ని జాగ్రత్తలున్నాయి. తెలుగు పదాలు పొడవు. ఫోను తెరపై అంచు దాటకుండా ఓవర్‌ఫ్లో-ర్యాప్ రాయాలి. చాలా తెలుగు ఫాంట్లకు ఒకే మందం ఉంటుంది. బోల్డ్ అడిగితే బ్రౌజరు తానే గీతలను దొడ్డుగా చేస్తుంది, లోపలి ఖాళీలు పూడి థ, ధ తేడా పోతుంది. ఒత్తి చెప్పాలంటే రంగో, మందాలున్న ఫాంటో వాడాలి. ఇటాలిక్ మన లిపికి సహజం కాదు, వదిలేయడమే మేలు. అక్షరాల మధ్య ఎడం పెంచే లెటర్-స్పేసింగ్‌నూ ముట్టుకోకూడదు. ఫాంట్లకు ఇప్పుడు లోటు లేదు: నోటో కుటుంబంలో సాన్స్, సెరిఫ్ రెండూ ఉన్నాయి, సిలికానాంధ్ర ద్వారా వెలువడిన మండలి, రామభద్ర, సురవరం, ఎన్టీఆర్, శ్రీకృష్ణదేవరాయ వంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. చదివే పాఠానికి మండలి గానీ నోటో గానీ చాలు, మిగతావి శీర్షికలకే అందం.

ఇక అసలు చిక్కు. పేజీ భాష ఏమిటో హెచ్‌టీఎంఎల్ ఎలిమెంట్‌లో లాంగ్ అనే ఆట్రిబ్యూట్‌తో చెప్పాలి. తెలుగుకు టీ, ఈ అనే రెండక్షరాలు. తమిళానికి టీ, ఎ. తమిళ పేజీలో తెలుగు వాక్యం వస్తే ఆ వాక్యమున్న ఎలిమెంట్‌కు విడిగా రాయాలి. స్క్రీన్ రీడరు గొంతు ఎంచుకునేది, అనువాదం చేయమంటారా అని బ్రౌజరు అడిగేది దీన్నిబట్టే. మరి తెలుగు మాటను తమిళ లిపిలో రాస్తే? దీనికీ ప్రమాణంలో చోటుంది. 2009లో స్థిరపడిన బీసీపీ 47 నియమం ప్రకారం భాష సంకేతం తర్వాత అడ్డగీత పెట్టి, తమిళ లిపికి టీఎఎంఎల్ అనే నాలుగక్షరాలు చేర్చాలి. భాష తెలుగు, లిపి తమిళం అని యంత్రానికి స్పష్టంగా తెలుస్తుంది. తెలుగు చదవలేని రాజపాళయం మనవడు నాయనమ్మ చెప్పిన కథను తమిళ అక్షరాల్లో రాసుకుంటే అది తమిళం అయిపోదు, తెలుగుగానే నమోదవుతుంది. ఈ ఊళ్లో నేర్పే ప్రతి తరగతిలో ఇది మొదటి వారం పాఠం కావాలని నా అభిప్రాయం.

సీఎస్‌ఎస్‌లో భాషను బట్టి నియమం రాసే లాంగ్ సెలెక్టర్ ఉంది. తెలుగుకు లైన్-హైట్ 1.7, మండలి ఫాంటు అని రాశామనుకుందాం. ఆ నియమం తమిళ లిపిలోని తెలుగుకూ వర్తిస్తుంది, ఎందుకంటే దాని సంకేతం కూడా తెలుగుతోనే మొదలవుతుంది. దానికి తమిళ ఫాంటు, తక్కువ లైన్-హైట్ కావాలంటే పూర్తి సంకేతంతో రెండో నియమం రాయాలి. రెండింటి బలం సమానం కాబట్టి అది మొదటిదాని కింద ఉండాలి. పైన రాస్తే ఓడిపోతుంది. సీఎస్‌ఎస్ నియమాల పోటీని వివరించడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ ఏ పుస్తకంలోనూ నేను చూడలేదు.

తమిళ లిపిలో క, గలకు ఒకటే అక్షరం. త, దలకూ అంతే. గది, కథ వంటి మాటలు రాస్తే ఉచ్చారణ చదువరి ఊహకే వదిలేసినట్టు. అందుకని రెండు లిపులూ పక్కపక్కన పెట్టడం మేలు. గ్రిడ్‌తో రెండు నిలువు వరుసలు చేసి, ఎడమ తెలుగు లిపి, కుడి తమిళ లిపి పెట్టి, ఫోనులో ఒకదాని కింద ఒకటి వచ్చేలా రాయడం మంచి మధ్యస్థాయి అభ్యాసం. అలాంటి పేజీ నెమ్మదిగా తెలుగు లిపి నేర్పే వాచకంగానూ పనికొస్తుంది.

నేర్చుకునే దారి

మొదటి నెల హెచ్‌టీఎంఎల్ ఒక్కటే, చేత్తో రాస్తూ నేర్చుకోవాలి. రెండో నెల సీఎస్‌ఎస్: ముందు సెలెక్టర్లు, బాక్స్ మోడల్, ఆ తర్వాత ఫ్లెక్స్‌బాక్స్, గ్రిడ్. సిద్ధంగా దొరికే బూట్‌స్ట్రాప్ వంటి చట్రాలను ఆ తర్వాతే తాకాలి. కృత్రిమ మేధ సాధనాన్ని అడిగితే క్షణంలో పేజీ వస్తుంది గానీ, ఆ పేజీలో లాంగ్ తప్పుగా ఉందో, శీర్షికల మెట్లు దాటిపోయాయో గుర్తించాలంటే ముందు మనకు తెలిసి ఉండాలి.

సందేహం వస్తే చూడవలసింది మొజిల్లా ఆధ్వర్యంలోని ఎండీఎన్. 1998లో నార్వేలో మొదలైన డబ్ల్యూ3స్కూల్స్ వెంటనే ప్రయత్నించి చూడటానికి అనుకూలం. 2014లో మొదలైన ఫ్రీకోడ్‌క్యాంప్‌లో పాఠాలు, పరీక్షలు ఉచితం. ఐఐటీ బొంబాయి స్పోకెన్ ట్యుటోరియల్ ప్రాజెక్టు భారతీయ భాషల్లో వినిపించే పాఠాలు ఇస్తుంది. కొత్త ల్యాప్‌టాప్ లేదని ఆగనక్కరలేదు. 2011లో తమిళనాడు ప్రభుత్వం ప్రభుత్వ, ఎయిడెడ్ సంస్థల విద్యార్థులకు ఉచిత ల్యాప్‌టాప్ పథకం మొదలుపెట్టింది. అలా వచ్చిన పాత యంత్రం ఈ విద్యకు ఎక్కువే. ఎడిటరు, బ్రౌజరు నడిస్తే చాలు, రాసేటప్పుడు ఇంటర్నెట్ కూడా అక్కరలేదు.

రంగుల విషయంలో ఒక కొలత గుర్తుంచుకోవాలి. అక్షరానికీ నేపథ్యానికీ మధ్య కాంతి భేదం కనీసం 4.5కు 1 ఉండాలని వెబ్ సౌలభ్య మార్గదర్శకాలు చెబుతాయి. లేత బూడిద మీద తెల్ల అక్షరాలు పెళ్లిపత్రికలో బాగుండవచ్చు, ముసలివారి ఫోన్లో చదవలేరు.

ప్రచురణ

పూర్తయిన పేజీని 2008 నుంచి ఉన్న గిట్‌హబ్ పేజెస్ వంటి సేవల్లో ఉచితంగా పెట్టవచ్చు. సొంత డొమైను కావాలంటే డాట్ ఇన్ తక్కువ ఖర్చుకే వస్తుంది. తెలుగు లిపిలోనే రాసే డాట్ భారత్ కూడా ఉంది. ఫైళ్ల పేర్లు మాత్రం చిన్న లాటిన్ అక్షరాల్లో, ఖాళీలు లేకుండా పెట్టాలి. విండోస్‌లో పెద్ద చిన్న అక్షరాల తేడా పట్టదు గానీ, చాలా సర్వర్లు లైనక్స్ మీద నడుస్తాయి, అక్కడ పడుతుంది. ఇంట్లో కనిపించిన బొమ్మ ప్రచురించాక మాయమవడానికి చాలాసార్లు ఇదే కారణం.

ఉచిత సేవలు శాశ్వతం కావు. 1994లో మొదలై, లక్షలాది మందికి తొలి వెబ్ పేజీ ఇచ్చిన జియోసిటీస్‌ను యాహూ 1999లో కొన్నది. 2009 అక్టోబరులో మూసేసింది. నకలు ఉంచుకోనివారి పేజీల్లో ఎన్నో పోయాయి. నాయనమ్మ కథలు, ఇంటిపేర్ల జాబితాలు వెబ్‌లో పెట్టేవారు ఆ ఫోల్డరు నకలు ఒకటి పెన్‌డ్రైవ్‌లో ఇంట్లోనే ఉంచుకోండి, ఇంకొకటి బంధువుల ఇంట్లో ఉంచండి. హెచ్‌టీఎంఎల్ ఫైలు తెరవడానికి సర్వరు అక్కరలేదు, బ్రౌజరు ఒక్కటి చాలు.